సొలిసిటరు కచేరీలో శిష్యరికము

మన తెలుగువారికి ప్లీడరు క్రొత్తవాడు కాడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880 సంవత్సరమున "వ్యవహారధర్మబోధిని" యను ప్రహసనమును రచించి, కక్షిదారుల అజ్ఞానమును పెట్టుబడిగా చేసికొని బ్రదుకు ప్లీడర్లను లోకమునకు ఎఱుకపఱచిరి. తరువాత గురజాడ అప్పారావుగారు "కన్యాశుల్కము"న సౌజన్యారావు పంతులవంటి మంచి వకీలును గూడ నిలిపి, ఆ వృత్తియందు ధర్మమునకు చోటు కలదని చూపిరి. అయితే యీ యిరువురకును వెనుక నున్న ప్రశ్న యొకటి కలదు. ఈ విద్యను వారు ఎవరి కడ, ఎన్నాళ్లు, ఏమి చెల్లించి నేర్చిరి? వైద్యుని చదువును గూర్చియు, ఉపాధ్యాయుని చదువును గూర్చియు మనము విచారింతుము. మన యింటి దస్తావేజును వ్రాయువాని చదువును గూర్చి విచారించుట అరుదు. మన న్యాయస్థానముల పద్ధతికి మాతృక యైన ఇంగ్లండులో ఈ శిక్షణము ఎట్లు సాగినదో, దానిలోనికి ఎవరికి ప్రవేశము దొరకెనో, ఎవరికి దొరకలేదో చెప్పుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఆ దేశమున న్యాయవాదులు రెండు తెగలు. న్యాయాధిపతి యెదుట నిలిచి వాదించువాడు బారిస్టరు. కక్షిదారుని మాట మొదట వినువాడు, పత్రములను వ్రాయువాడు, వీలునామాను భద్రపఱచువాడు, భూమి చేతులు మాఱునపుడు హక్కు పుట్టుపూర్వోత్తరములను శోధించువాడు సొలిసిటరు. ఈ పేరు మొదట ఈక్విటీ న్యాయమును నడపు చాన్సరీ కోర్టువారికి మాత్రమే యుండెను. కామన్‌లా కోర్టులవారిని అటార్నీలనియు, చర్చి కోర్టులవారిని ప్రాక్టరులనియు పిలుచుచుండిరి. 1873లో పుట్టి 1875లో అమలునకు వచ్చిన జ్యుడికేచరు శాసనములచే కోర్టులన్నియు ఏకమైనపుడు వీరందఱును సొలిసిటరులే యైరి. బారిస్టరు చదువు లండనులోని నాలుగు ఇన్నులలోనే సాగవలెను. సొలిసిటరు చదువు అట్లు కాదు. ఏ చిన్న రేవుపట్టణమునందైనను, ఏ సంతయూరిలోనైనను ఒక సొలిసిటరు కచేరీ యుండినచో అదియే పాఠశాల. కావున దేశపు మారుమూలలనుండి న్యాయవిద్యలోనికి పోవుటకు నిజముగా తెఱచియుండిన ద్వార మిది యొక్కటియే.

ఈ శిక్షణమునకు సాధనము చదువు కాదు, సేవ. గురువు కడ కొన్నియేండ్లు పనిచేయుదునని శిష్యుడు ఒప్పందపత్రము వ్రాసియిచ్చును. ఆ పత్రమునకు "ఆర్టికిల్సు" అని పేరు, దానిని వ్రాసినవాడు "ఆర్టికిల్డు క్లార్కు." మన ధర్మశాస్త్రములు చదివినవారికి ఇది వింతగా తోచదు. నారదస్మృతియందు శిల్పము నేర్వగోరు అంతేవాసి గురువుతో కాలనియమము చేసికొని ఆయన యింట నుండవలెనని కలదు. గురువు వానికి అన్నము పెట్టి, కొడుకువలె చూచి, ఒప్పుకొన్న పని తప్ప వేఱుపని చేయింపరాదనియు కలదు. నేర్పు ముందుగనే అలవడినను గడువు ముగియువఱకును శిష్యుడు అచ్చటనే యుండవలె ననియు, అంతవఱకు వాని పనివలని ఫలము గురువుదే యనియు యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఇంగ్లండుదేశపు ఆర్టికిల్సునకు దీనితో ఆశ్చర్యకరమైన పోలిక యున్నది. భేద మొక్కటి. మన స్మృతి శిష్యునికి అన్నము పెట్టుమన్నది. ఆ దేశపు వాడుక శిష్యుని తండ్రినుండి సొమ్ము తెమ్మన్నది.

అటార్నీల శిక్షణమునకు గట్టి కట్టుబాటు చేసిన శాసనము 1729 సంవత్సరమునాటిది. అంతకుముందు కోర్టులో తిరిగి నాలుగు ఫారములు నింపుట నేర్చిన ప్రతివాడును అటార్నీ ననుచు బయలుదేరుచుండెను. ఈ శాసనము అయిదేండ్ల శిష్యరికమును విధించెను. ఒక గురువు కడ ఏకకాలమున ఇరువురకు మించి శిష్యు లుండరాదనెను. ప్రమాణము చేయించి, పట్టికలో పేరు ఎక్కింపుమనెను. చేర్చుకొనుటకు ముందు అభ్యర్థి యోగ్యతను న్యాయాధిపతి పరీక్షింపవలె ననియు చెప్పెను గాని, ఆ పరీక్ష నూఱేండ్లపాటు పేరునకే నిలిచెను. శిష్యుడు నిజముగా పని చేసెనని ప్రమాణపత్రము దాఖలు చేయవలె నను నిబంధన 1749లో వచ్చెను. అట్టి నిబంధన అవసరమైనదనగా, పని చేయకయే గడువు గడిపినవారు ఉండిరని మనము గ్రహింపవచ్చును.

ఆ కాలముననే జరిగిన ఇంకొక మార్పును మన భాషాభిమానులు గమనింపవలెను. 1733 మార్చి 25వ తేదీనుండి ఇంగ్లండు కోర్టుల దస్తావేజులు లాటినులో గాక ఇంగ్లీషుననే యుండవలెనని శాసనము అమలునకు వచ్చెను. దేశభాషలో వ్రాసినచో న్యాయము చెడునని పండితులు గోల చేసిరి. న్యాయము చెడలేదు. లాటిను రాని చిన్నయూరి పిల్లవానికి అటార్నీ కచేరీ మెట్లు మాత్రము కొంచెము తగ్గెను.

మెట్లు తగ్గించిన చేతులే గోడను ఎత్తుచేసినవి. ప్రభుత్వము 1794లో వెస్టుమినిస్టరు కోర్టులకు చేరగోరు శిష్యుని ఒప్పందపత్రముపై నూఱు పౌనుల స్టాంపుసుంకము విధించెను. 1815లో అది నూటయిరువది పౌనులాయెను. 1853లో ఎనుబదికి తగ్గి, ఇరువదవ శతాబ్దమునందును చాలకాలము నిలిచెను. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున పొలము కూలివానికి వారమునకు చాలచోట్ల పది షిల్లింగులకు మించి కూలి లేదు. ఎనుబది పౌనులనగా అట్టివాడు తినక త్రాగక కూడబెట్టినను మూడేండ్ల కష్టము. ఇది సర్కారునకు చెల్లునది మాత్రమే. గురువునకు "ప్రీమియము" వేఱు. 1821లో బెంజమిను డిజ్రేలీని లండనులోని యొక అటార్నీ సంస్థలో చేర్చునపుడు ఆయన తండ్రి నన్నూఱు గినీలు చెల్లించెను. ఆ చిన్నవాడు సొలిసిటరు కాలేదు, తరువాత ప్రధానమంత్రి యాయెను, అది వేఱుమాట. చిన్నపట్టణములలో ప్రీమియము ఇంతకన్న చౌక. అందుచేతనే నడితరగతి కుటుంబములు లండనువైపు గాక తమ యూరి సొలిసిటరు వైపు చూచెడివి. అయిదేండ్లును జీతము లేదు. శిష్యుని తిండిబట్టల భారము తలిదండ్రులదే.

సొమ్ము ఇయ్యలేని పిల్లవాడు కచేరీలో చేరలేడా? చేరగలడు, కాని వ్రాతగుమాస్తాగా. ఒకే గదిలో రెండు బల్లలు: ఒక బల్లకడ ప్రీమియము చెల్లించిన ఆర్టికిల్డు క్లార్కు, రేపటి సొలిసిటరు, రెండవ బల్లకడ వారమునకు కొన్ని షిల్లింగులు తీసికొని జీవితమంతయు నకళ్లు వ్రాయువాడు. చార్లెసు డికెన్సు పదునైదేండ్ల ప్రాయమున 1827లో లండను అటార్నీ కచేరీలో అట్టి రెండవ బల్లకడ కూర్చుండినవాడే. "పిక్విక్ పేపర్సు"న ఆయన గుమాస్తాల అంతస్తులను వర్ణించిన తీరు, అనుభవించినవాడే వ్రాయదగినది. "డేవిడ్ కాపర్‌ఫీల్డు"లో కాంటర్బరీ పట్టణపు సొలిసిటరు తన గుమాస్తా యురైయా హీపునకు ప్రీమియము లేకుండ ఆర్టికిల్సు ఇచ్చుట ఒక గొప్ప ఉపకారముగా చెప్పబడినది. హీపు దుర్మార్గుడని పాఠకులందఱును అసహ్యించుకొందురు; నేనును అంతే. అయినను రాత్రులు దీపము ముందర న్యాయగ్రంథమును వ్రేలితో గీచుకొనుచు చదివిన ఆ పేదవాని పట్టుదలను చూచినపుడు, దుర్మార్గమునకు అంత ఓర్పు ఏల కావలసివచ్చెనా యని యొకసారి అనిపింపక మానదు.

ఊరికచేరీలో శిష్యరికము ఎట్లుండెడిదో తెలిసికొనుటకు బ్రిస్టలు నగరపు థామసు చాటర్టను కథకన్న మంచి యుదాహరణము లేదు. ఇతని తండ్రి బడిపంతులు, కొడుకు పుట్టకముందే పోయెను. తల్లి కుట్టుపనిచేసి పిల్లలను పెంచెను. ధర్మపాఠశాలలో చదివిన యీ బాలుని 1767 జూలై 1వ తేదీన జాన్ లాంబర్టను అటార్నీ కడ వ్రాయసకాని విద్య నేర్చుటకు ఏడేండ్ల ఒప్పందముతో చేర్చిరి. ప్రీమియము పది పౌనులు పాఠశాలవారే చెల్లించిరి. అప్పటికి వానికి పదునాలుగేండ్లు. పెండ్లియాడరాదు, పానశాలలకు పోరాదు, జూదమాడరాదు అని పత్రములో నియమములు. గురువు అన్నవస్త్రములును వసతియు ఇయ్యవలెను. ఇచ్చెను, కాని వంటింటిలో సేవకులతో కలిసి భోజనము, నౌకరు కుఱ్ఱవానితో ఒకే మంచముమీద నిద్ర. ఉదయము ఎనిమిది గంటలనుండి రాత్రి ఎనిమిది గంటలవఱకు కచేరీ. పన్నెండు గంటలలో నిజమైన పని రెండుగంటలది. తక్కిన కాలమున నమూనా పత్రములను పెద్ద పుస్తకములోనికి ఎత్తివ్రాయుట.

మూడువందల పుటలకు మించిన ఆ నకలు పుస్తకమును చాటర్టను శ్రద్ధగనే వ్రాసెను. మిగిలిన గంటలలో పదునైదవ శతాబ్దపు రౌలీ యను సన్న్యాసి పేర పురాతనశైలిని కల్పించి, పాత చర్మపత్రములపై దొరకినవని చెప్పి, కావ్యములు వ్రాసెను. పాత దస్తావేజుల లిపి, సిరా, చర్మము, వంపుతిరిగిన అక్షరము, ఇవన్నియు ఆ కచేరీలో వాని కన్నులముందర నిత్యము మెదలినవే. కచేరీ నేర్పిన విద్య వానిలో నిట్లు ఫలించెను! గురువునకు కవిత్వము గిట్టదు. కనబడిన కాగితములనెల్ల చింపివేయుచుండెను. 1770 ఏప్రిలులో ప్రాణము తీసికొందునని సూచించు "వీలునామా" యొకటి వ్రాసి, గురువు కంటబడునట్లు ఉంచగా, లాంబర్టు భయపడి ఒప్పందమును రద్దుచేసెను. ఆ పిల్లవాడు లండను పోయి, ఆగస్టు 24వ తేదీన, పదునెనిమిదేండ్లు నిండకమునుపే, అద్దెగదిలో మరణించెను. తరువాతి తరము కవులు వానిని తమ కులగురువుగా కొలిచిరి. లాంబర్టు క్రూరుడని నేననను. ఒప్పందములో వ్రాసినదంతయు ఆయన చెల్లించెను. వ్రాయనిది ఒక్కటి: నేర్పవలె నను బాధ్యత. పదుగురు పిల్లలకు పాఠము చెప్పి బ్రదుకు నావంటివానికి ఆ కచేరీలోని పదిగంటల తీరిక చాటర్టను మరణముకన్న నెక్కువ భయంకరముగా కనబడును.

అన్నికచేరీలును ఇట్టివి కావు. బ్రిస్టలులోనే 1770లో న్యాయవాదుల సంఘ మొకటి పుట్టెను. యార్కుషైరువారు 1786లో అట్టిదానిని స్థాపించిరి. మాంచెస్టరువారు 1820లో న్యాయగ్రంథాలయమును పెట్టిరి. లండనులో 1825లో ఆరంభమై 1831లో రాజశాసనము పొందిన సంఘమే తరువాత లా సొసైటీ యని ప్రసిద్ధి కెక్కెను. ఈ విషయమున రాజధానికన్న జిల్లాలే ముందు నడిచెనని చెప్పవలెను. మంచిగురువు కడ శిష్యుడు మొదటి యేడు నకళ్లు వ్రాసి, రెండవయేడు చిన్న చిన్న కవుళ్లను చిత్తుచేసి, పిమ్మట కక్షిదారు వచ్చినపుడు గదిమూల కూర్చుండి గురువు ఏమి యడిగెనో, ఏమి యడుగక విడిచెనో గమనించును. ఆ "అడుగక విడుచుట" ఏ పుస్తకమునందును లేదు. రైతు భూమి తగవు, విధవరాలి వాటా, పడవ యజమాని బాకీ, వీలునామా వ్రాయకయే పోయిన దుకాణదారుని సంసారము, ఇవన్నియు ఒకే బల్లమీదికి ఒకే దినమున వచ్చును. లండను పెద్దకచేరీలో గుమాస్తా ఒకే తెగ పత్రమును ఏడాదిపొడుగున చూచును. చిన్నయూరివాడు అన్నిటిని కొంచెము కొంచెము చూచును. జిల్లా అటార్నీకి వెస్టుమినిస్టరులో పని జరుపుటకు లండనులో ఏజెంటు ఉండును గనుక, శిష్యుడు ఒక యేడు ఆ ఏజెంటు కడ పనిచేసి రాజధాని తీరును నేర్చుకొనుటయు కలదు.

పేరునకే నిలిచిన పరీక్ష 1836లో వ్రాతపరీక్షగా మాఱెను. 1860 శాసనముచే ప్రవేశపరీక్ష, మధ్యపరీక్ష, తుదిపరీక్ష అను మూడుమెట్లు ఏర్పడెను. పదియేండ్లు గుమాస్తాగా పనిచేసినవానికి అయిదేండ్లకు బదులు మూడేండ్ల ఆర్టికిల్సు చాలునని యదే శాసనము చెప్పెను. రెండవ బల్లవానికి సన్నని త్రోవ అపుడు దొరకెను. పట్టభద్రులకు మూడేండ్ల రాయితీ అంతకు నలువదేండ్లకు ముందే, 1821లోనే దొరకెనని చెప్పినచో, శాసనకర్తల కంటికి ఎవరు ముందు కనబడిరో తెలియగలదు.

ఈ మూడుమెట్లను ఎక్కినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు డేవిడ్ లాయిడ్ జార్జి. ఈయన తండ్రియు బడిపంతులే. కొడుకునకు రెండేండ్లయినను నిండకమునుపే పోయెను. తల్లి పిల్లలతో ఉత్తర వేల్సులోని లానిస్టమ్‌డ్వీ గ్రామమున నున్న సోదరుని యిల్లు చేరెను. ఆ సోదరుడు రిచర్డు లాయిడు చెప్పులు కుట్టువాడు. ఆదివారములందు తన మతశాఖవారికి జీతము లేని బోధకుడు. మేనల్లుని ప్రవేశపరీక్షకు లాటినును ఫ్రెంచియు కావలెను. ఆ గ్రామమున చెప్పువారు లేరు. కావున ఆ చర్మకారుడు వ్యాకరణపుస్తకములను ముందర పెట్టుకొని తాను నేర్చి మేనల్లునికి నేర్పెను. 1877లో బాలుడు పరీక్ష నెగ్గెను. పోర్టుమడాకు పట్టణములోని యొక సొలిసిటరు సంస్థలో 1879 జనవరిలో అయిదేండ్ల ఆర్టికిల్సు వ్రాసిరి. ప్రీమియము నూఱు పౌనులు, స్టాంపు ఎనుబది పౌనులు. చనిపోయిన తండ్రి మిగిల్చినదియు, మేనమామ చెప్పుల అంగడిలో గడించినదియు దీనికి వ్యయమాయెను. అన్న కడ మిగిలినది తమ్ముని కచేరీకి చాలునో చాలదో యని ఆ కుటుంబమువా రెంత లెక్కించియుందురో! తమ్ముడును తరువాత ఆ కచేరీలోనే నేర్చి సొలిసిటరయ్యెను. అన్న 1884లో తుదిపరీక్ష నెగ్గి, మఱుసటి యేట క్రిక్కియత్తు గ్రామమున బల్ల వేసెను.

ఆ శిష్యరికము ఏమి నేర్పెనో 1888లో లోకమునకు తెలిసెను. లాన్‌ఫ్రోథెను గ్రామమున రాబర్టు రాబర్ట్సు అను రాళ్లగని పనివాడు మరణించెను. ఆయన రాజసమ్మతమైన చర్చికి చెందనివాడు. తన కూతురి సమాధి ప్రక్కనే తన్ను పూడ్చవలె నని కోరి పోయెను. 1880 నాటి శాసనము ప్రకారము ఏ మతశాఖవారైనను తమ పద్ధతిని గ్రామశ్మశానమున అంత్యక్రియ జరుపుకొనవచ్చును. కాని ఆ శ్మశానభాగమును 1864లో ఒక గృహిణి నోటిమాటగా దానము చేసియుండెను. ఆ స్థలమున తమ చర్చి పద్ధతి తప్ప వేఱుక్రియ జరుగరాదని 1881లో గ్రామగురువు ఆమెచేత క్రొత్తపత్రము వ్రాయించుకొనెను. దానిని చూపి ఆయన గేటునకు తాళము వేసి, ఒక మూలను గోయి చూపెను. బంధువులు యువసొలిసిటరు కడకు పరుగెత్తిరి. ఈ స్థలము ఎన్నడో గోడ కట్టబడి శ్మశానములో కలిసినది. ఇన్నియేండ్ల అనుభవము జరిగినపిమ్మట ఆమెకు క్రొత్తగా దానము చేయుటకు ఏ హక్కును మిగులలేదు. తాళము తీయనిచో పగులగొట్టి పాతిపెట్టుడు అని లాయిడ్ జార్జి చెప్పెను. వారట్లే చేసిరి. గురువు దావా వేసెను. స్థానిక కోర్టులో జూరీ కుటుంబమువారి పక్షమున చెప్పినను న్యాయాధిపతి గురువు పక్షమున తీర్పిచ్చెను. అప్పీలులో ప్రధానన్యాయాధిపతి కోలరిడ్జి ప్రభువు డిసెంబరులో ఆ తీర్పును కొట్టివేసెను.

ఇందులో వాగ్ధాటి కన్న ముఖ్యమైనది కలదు. నోటిదానమునకును పత్రమునకును గల భేదము, గోడ కట్టిన సంవత్సరము, అనుభవపు గడువు, ఇవన్నియు చిన్నయూరి కచేరీలో భూమి దస్తావేజులు త్రిప్పుచు నకలు వ్రాసిన గుమాస్తా నేర్చు సంగతులు. ఒక గనికూలివాడు తన కూతురిప్రక్కన పండుకొనుటకు ఆ సంగతులు పనికివచ్చినవి. లాయిడ్ జార్జి 1890లో పార్లమెంటు సభ్యుడై 1916లో ప్రధానమంత్రి యాయెను. ఇంతవఱకు ఆ పదవి నెక్కిన సొలిసిటరు ఆయన యొక్కడే.

చర్మకారుని మేనల్లునికి తెఱచుకొన్న తలుపు పండితుని కూతురికి తెఱచుకొనలేదు. ఇది యీ చరిత్రలో మన గృహములవారు ముఖ్యముగా తెలియదగిన భాగము. ఎలిజా ఓరము అను నామె 1870ల నుండియే లండనులో దస్తావేజులు చిత్తుచేసి యితర న్యాయవాదులకు అమ్ముకొనుచు జీవించెను. 1888లో లండను విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పట్టమును గూడ పొందెను. పని ఆమెది, సంతకము ఇతరులది. మన దేశపు కార్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్సుఫర్డున బి.సి.ఎల్. పరీక్ష నెగ్గియు, ఆడుది యగుటచే 1922 వఱకు పట్టమును అందుకొనజాలదయ్యెను.

గ్వినెత్ బెబ్ అను నామె ఆక్సుఫర్డున న్యాయశాస్త్రమందు ప్రథమశ్రేణి మార్కులు పొందినది. సొలిసిటరు కాగోరి ఆమెయు, మఱి మువ్వురు స్త్రీలును ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టగా లా సొసైటీ నిరాకరించెను. 1913లో బెబ్ కోర్టున కెక్కెను. 1843 సొలిసిటర్ల శాసనములో, పుంలింగపదములు వాడినచోట, సందర్భము విరుద్ధము కానియెడల, స్త్రీలును గ్రహింపబడుదు రని స్పష్టముగా కలదు. ఇంతకన్న ఏమి కావలెను? కాని జూలైలో క్రిందిన్యాయాధిపతియు, డిసెంబరులో అప్పీలు కోర్టును ఒకేరీతిని చెప్పిరి: ఇంతవఱకు ఏ స్త్రీయు అటార్నీగా లేదు, అనాదిగా లేకపోవుటయే అనర్హతకు ప్రమాణము, దానిని మార్చుట పార్లమెంటు పని. తెలివికి గాని చదువునకు గాని ఆమె అనేకులగు అభ్యర్థులకన్న మిన్న యని ఒప్పుకొనుచునే ఇట్లు తీర్మానించిరి! మీమాంసాశాస్త్రము చదివినవారు ఆచారము శ్రుతికి విరుద్ధమైనచో శ్రుతియే బలవత్తర మందురు. ఇచ్చట శాసనమే శ్రుతి. ఆచారము దానిని జయించెను. వ్యాకరణము స్త్రీని చేర్చుకొనెను, వాడుక వెడలగొట్టెను.

మఱుసటి యేట మహాయుద్ధము వచ్చెను. గుమాస్తాలు సైన్యములో చేరిరి. కచేరీలలో బల్లలు ఖాళీ యాయెను. వానిముందర స్త్రీలు కూర్చుండి పని నడిపిరి. 1919 డిసెంబరు 23వ తేదీన లింగభేదముచే కలుగు అనర్హతలను తొలగించు శాసనము వచ్చెను. అప్పటి ప్రధానమంత్రి ఆ పోర్టుమడాకు శిష్యుడే. శాసనము వచ్చినను శిష్యరికము గడువు గడువే. నేటి శాసనము రేపటికి సొలిసిటరును పుట్టింపజాలదు. మూడేండ్లు గడచి 1922 డిసెంబరులో నలుగురు స్త్రీలు తుదిపరీక్ష నెగ్గిరి. 18వ తేదీన కారీ మారిసను పట్టికలో మొదటి స్త్రీ యాయెను. నలుగురిలో మాడు క్రాఫ్ట్సు, 1913లో బెబ్‌తో కూడ దావా వేసిన మువ్వురలో నొకతె. ఇంకొకతె మేరీ సైక్సు యార్కుషైరులోని హడర్సుఫీల్డు పట్టణమున పనిచేసి, 1945లో ఆ పట్టణమునకు మేయరైనది. బెబ్ మాత్రము దీనిని చూడలేదు. ఆమె బారిస్టరు చదువునకు మాఱి, అది ముగియకమునుపే, ప్రసవానంతరమున 1921 అక్టోబరులో మరణించెను.

ఆ తర్కమే సముద్రము దాటి వచ్చినది. 1916లో రెజీనా గుహ బి.ఎల్. పట్టముతో కలకత్తా హైకోర్టును, 1921లో సుధాంశుబాలా హజ్రా పట్నా హైకోర్టును ఆశ్రయింపగా, శాసనమున పుంలింగమున్నను స్త్రీ చేరదని చెప్పి పంపిరి. 1923 నాటి స్త్రీ న్యాయవాదుల శాసనము ఆ యడ్డంకిని తొలగించెను. ఇక సొలిసిటరుల మాట. ఈ తెగ మన దేశమున రాజధాని నగరములకే పరిమితమై యుండెను. కలకత్తాలో 1774లోను, మద్రాసులో 1801లోను, బొంబాయిలో 1820లలోను సుప్రీముకోర్టులు వెలసినపుడు వానితో అటార్నీ లును వచ్చిరి. మన గోదావరి, కృష్ణా మండలములలో వ్యాజ్యమాడినవాడు వారి నెఱుగడు. వ్రాయువాడును వాదించువాడును వానికి ఒకే ప్లీడరు. 1976లో సవరించిన అడ్వొకేట్ల శాసనముచే అటార్నీ యను ప్రత్యేకవర్గము భారతదేశమున అంతరించెను. అయినను బొంబాయిలో 1894లో స్థాపింపబడిన సంఘము నేటికిని ఆర్టికిల్సు చేయించి సొలిసిటరు పరీక్షను జరుపుచున్నది.

ఇంగ్లండులో 1922 శాసనముచే శిష్యులకు ఒక యేడు న్యాయపాఠశాల చదువు తప్పనిసరి యాయెను. మాంచెస్టరు, లీడ్సు, లివర్పూలు, బర్మింగుహాములందలి విశ్వవిద్యాలయముల న్యాయశాఖలకు ఆ శిష్యులే బలము. ప్రీమియము రెండవ ప్రపంచయుద్ధానంతరము మెల్లగా మాయమై, దాని స్థానమున జీతము వచ్చెను. 1990లో "ఆర్టికిల్సు" అను పేరు పోయి "శిక్షణ ఒప్పందము" అను పేరు వచ్చెను. రెండేండ్ల కాలము, సాధారణముగా ఆఱేసి నెలల నాలుగు "సీట్లు", భూమివ్యవహారమున కొన్నాళ్లు, వ్యాజ్యములలో కొన్నాళ్లు, కుటుంబవిషయములలో కొన్నాళ్లు. సీటనగా పూర్వమువలెనే పెద్దవాని గదిలో ఒక బల్ల. శిష్యునికి ఇయ్యవలసిన కనీసజీతమును ఆ వృత్తిని పాలించువారే నిర్ణయించెడివారు. 2014లో ఆ నిర్ణయమును ఎత్తివేసి దేశమందలి సామాన్య కనీసవేతనమునకే విడిచిరి. ఇది చిన్నపట్టణముల కచేరీలకు శిష్యులను చేర్చుకొనుటకు వీలు కలిగించునని చెప్పినవారు కొందఱు; పేదయింటి పిల్లలను దూరము చేయునని చెప్పినవారు కొందఱు. రెండవవారి మాటయే నాకు నిజమని తోచుచున్నది.

2021 నుండి పద్ధతి మరల మాఱెను. దేశమంతటికిని ఒకటే అర్హతాపరీక్ష, రెండు భాగములు. దానితోబాటు రెండేండ్ల పని. ఆ పని ఒకే గురువు కడ కానక్కఱలేదు. నాలుగుచోట్లవఱకు చేసినను చెల్లును. ధర్మార్థ న్యాయసహాయ కేంద్రములో చేసినను, ఊరికచేరీలో సహాయకుడుగా జీతమునకు చేసినను లెక్కకు వచ్చును. అనగా డికెన్సు కూర్చుండిన రెండవ బల్లకు మొదటిసారి మొదటి బల్లతో సమానమైన విలువ వచ్చినది. పరీక్ష రుసుము మాత్రము రెండు భాగములకును కలిపి నాలుగువేల పౌనులకు మించియున్నది. కొన్ని పెద్దకచేరీలు తమ శిష్యులకు దానిని తామే చెల్లించును. చిన్నయూళ్లలో చాలచోట్ల అభ్యర్థియే చెల్లించుకొనవలెను.